కడుపు నిలిచిన ఏడాది

రాజనర్సును ఖతర్‌కు పంపిన ఏజెంటు తోటపని అని చెప్పాడు. దిగిన తర్వాత లుసైల్‌లో పైపులు వేయడానికి మట్టి తవ్వే పనిలో పెట్టారు. అప్పటికి లుసైల్ అనే ఊరు కాగితాల మీదే ఉంది. కళ్ళ ముందు ఉన్నది ఇసుక, దాని అంచున సముద్రం, వరసగా పాతిన కర్రలకు కట్టిన ఎర్ర గుడ్డ పీలికలు. ఆ రోజుల్లో దేశమంతా అలాగే ఉండేది. నూనె, గ్యాసు ఓడలకెక్కుతున్న కొద్దీ ఇక్కడ భూమిని తవ్వుతూనే ఉన్నారు. రెండేళ్ళు గడిచాక అతని కంపెనీ మూతపడింది. క్యాంపులోని వాళ్ళు కొందరు ఇళ్ళకు, కొందరు వేరే కంపెనీలకు చెదిరిపోతున్నప్పుడు, మీలో గొర్రెలు కాచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఒక ముసలి అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, మనిషిని పంపి అడిగించాడు. రాజనర్సు చెయ్యెత్తాడు.

అతను మెట్‌పల్లి దగ్గర ఒక కురుమ ఇంట్లో పుట్టాడు. నడక వచ్చిన నాటి నుంచీ మంద వెనకే తిరిగాడు. పడావు భూములన్నీ దున్నకంలోకి వచ్చి, మేపడానికి చోటు లేక, తండ్రి హయాంలోనే మంద అమ్మేసుకున్నారు. గొర్రెలు పోయాక ఏ పని చేసినా ఆ చేతులు తనవి కానట్టే ఉండేది రాజనర్సుకు. అల్ షహానియాలోని ఆ ఇజ్బాలో, అంటే ఒంటెల దొడ్డిలో, మొదటి పూట ఒంటెలకు నీళ్ళు పెడుతుంటే, చాలా ఏళ్ళ తర్వాత తనకు తెలిసిన పనిలోకి వచ్చాననిపించింది.

దొడ్డిలో అతనితో పాటు ఉండేది రహమతుల్లా. తల నెరిసిన బలూచీ మనిషి. అర్బాబ్ అరబ్బీలో చెప్పింది రాజనర్సుకు హిందీలో చెప్పేవాడు, రాజనర్సు హిందీలో చెప్పింది అర్బాబ్‌కు అరబ్బీలో చెప్పేవాడు. ఏ ఒంటె దగ్గర ఎటు నుంచి నిలబడాలో, ఏది తంతుందో, ఏది కరుస్తుందో చూపించాడు. ఒక్క సమ్హా సంగతి మాత్రం జాగ్రత్త అన్నాడు. అది ఎవరినీ వెనక వైపు రానివ్వదట.

సమ్హా అంటే మంచి మనసున్నది అని అర్థమట. లేత గోధుమ రంగు, సన్నటి కాళ్ళు. పరుగుపందేల్లో ఎన్నో గెలిచి, ఇక పిల్లల్ని కనడం కోసం దొడ్డికి చేరిన ఒంటె. ముసలి అర్బాబ్ తండ్రి పెంచిన వంశంలో అదొక్కటే మిగిలింది. రోజూ సాయంత్రం ఆయన బండి దిగి నేరుగా దాని దగ్గరికే వచ్చేవాడు. దాని పిండాన్ని వేరే ఒంటె కడుపులో పెట్టి మోయించే పద్ధతి ఉందని డాక్టర్లు చెప్పారు. రెండుసార్లు ప్రయత్నించారు కూడా, అదీ నిలవలేదు. తర్వాత ఆయన మొండికేశాడు. సమ్హా బిడ్డను సమ్హాయే మోయాలి, సమ్హాయే పాలివ్వాలి అన్నాడు.

కానీ సమ్హాకు కడుపు నిలిచేది కాదు. పోతుతో, అంటే మగ ఒంటెతో, కలిపిన ప్రతి చలికాలమూ చూలు కట్టేది. కట్టిన సంగతి ఒంటెలు కాచే వాళ్ళందరికీ తెలిసిన గుర్తుతోనే తెలిసేది. చూలు ఒంటె, పోతు దగ్గరికి వస్తే తోకను నిట్టనిలువుగా ఎత్తుతుంది. రెండో నెల దాటి మూడో నెల వచ్చేసరికి ఒకనాటి పొద్దున పోతును తెస్తే తోక లేచేది కాదు. అంతే. రాజనర్సు వచ్చాక అలా ఒకసారి జరిగింది. అంతకు ముందు రెండుసార్లు జరిగిందట.

ఆ పొద్దున సమ్హా తిండి ముట్టలేదు. రాజనర్సు దాని పక్కన ఇసుకలో కూర్చున్నాడు. అది వెళ్ళగొట్టలేదు. ఆనాటి నుంచి వెనక వైపు రానిచ్చింది అతన్నొక్కణ్ణే.

అతని భార్య గౌరవ్వకు కూడా అప్పటికి రెండుసార్లు అలాగే అయింది. ఆమె ఊళ్ళో బీడీలు చుట్టేది. పెళ్ళయిన మూడో ఏడు మొదటిది పోయింది, అప్పుడతను బొంబాయిలో ఉన్నాడు. రెండోది లుసైల్ నుంచి సెలవు మీద ఇంటికి వెళ్ళి వచ్చాక తెలిసింది. మూడో నెల నిండకుండానే పోయింది. ఫోన్‌లో ఆ మాట చెప్పింది గౌరవ్వ కాదు, పక్కింటి బాలవ్వ. తర్వాత గౌరవ్వ ఫోన్ అందుకుని, అన్నం తిన్నవా అని అడిగింది. రాజనర్సు తిన్న అన్నాడు. ఆ మీద ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ప్రతి శుక్రవారం మాట్లాడుకునేవారు. వానల గురించి, బీడీ ఆకు సరిగ్గా రావట్లేదని, బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళి అని. ఆమె మాట్లాడుతూనే తునికాకు కత్తిరించేది. మాటలు అయిపోయాక కూడా ఆ కత్తెర చప్పుడు వింటూ అతను ఫోన్ పట్టుకునే ఉండేవాడు.

మరుసటి చలికాలం ముందు దొడ్డి మూలన రెండు పోర్టా క్యాబిన్లు దింపారు. లోపల ఏసీలు, తెల్ల బల్లలు, సూక్ష్మదర్శినులు పెట్టారు. వాటితో పాటు డాక్టర్ అనంతలక్ష్మి వచ్చింది. గన్నవరంలో పశువైద్యం చదివి, ఆ పైన విదేశాల్లో పరిశోధన చేసిన మనిషి. భర్త కృష్ణప్రసాద్‌కు దోహాలో గ్యాసు కంపెనీలో ఉద్యోగం. ముసలాయన ఆమె గురించి ఎక్కడో విని, సమ్హా కోసమే పిలిపించాడు.

ఆమె దొడ్డిలోకి వచ్చిన రోజు రాజనర్సు సమ్హాను మోకాళ్ళ మీద కూర్చోబెడుతున్నాడు. ఆగు బిడ్డా, ఆగు అంటున్నాడు. వెనక నుంచి ఆడమనిషి గొంతు తెలుగులో, మీది కరీంనగర్ వైపా అండి అని అడిగింది. రాజనర్సు తాడు పట్టుకునే తిరిగి చూశాడు. ఆ దొడ్డిలోకి వచ్చాక అతనితో ఎదురుగా నిలబడి తెలుగులో మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ఆమె సమ్హా రక్తం తీసి చాలాసార్లు చూసింది. తర్వాత సంగతి ఇద్దరికీ వివరించింది, రహమతుల్లాకు హిందీలో, రాజనర్సుకు తెలుగులో. అండం విడుదలైన చోట చిన్న కండముద్ద ఒకటి ఏర్పడుతుంది. కడుపును నిలిపే హార్మోను అదే తయారుచేస్తుంది. ఒంటె పదమూడు నెలలు మోస్తుంది, ఆ పదమూడు నెలలూ ఆ ముద్ద పని చేస్తూనే ఉండాలి. సమ్హాకు అది తొందరగా అలసిపోతోంది. ఆ హార్మోనునే సూదితో ఎక్కించవచ్చు. కిందటిసారి అదీ చేశారు. నూనె మందు కావడంతో రోజూ పొడిచిన చోట గడ్డలు కట్టాయి, చీము పట్టింది, చివరికి మానేశారు. సూది వేసిన పూట మందు ఎక్కువవుతుంది, తర్వాత తగ్గిపోతుంది. సన్నటి ధారలా ఎప్పుడూ అందాలంటే దాన్ని తయారుచేసే కణాలనే లోపల పెట్టాలి అన్నది ఆమె ఆలోచన.

కోతకు వచ్చిన ఒంటెల అండాశయాలు దోహా కబేళా నుంచి మంచుపెట్టెల్లో వచ్చేవి. వాటిలోంచి ఆమె ఆ కణాలు తీసేది. ఒక పొద్దున రాజనర్సును క్యాబిన్‌లోకి పిలిచి గాజుపళ్ళెం చూపించింది. దీపం వెలుగులో నీళ్ళ అడుగున వందల కొద్దీ గుండ్రటి చుక్కలున్నాయి. ఒక్కొక్కటీ రవ్వంత. చుట్టూ అద్దంలాంటి జిగురు, మధ్యలో మసక.

రాజనర్సు వంగి చూశాడు.

"నానవెట్టిన సబ్జా గింజల లెక్కున్నయి మేడమ్."

అనంతలక్ష్మి నవ్వింది. ఆ జిగురు సముద్రపు నాచు నుంచి తీసిందని చెప్పింది. మధ్యలో ఉన్నవి వేరే ఒంటె కణాలు కాబట్టి ఊరికే పెడితే సమ్హా ఒళ్ళు వాటిని చంపేస్తుంది. ఈ జిగురు పొరలోంచి తిండీ గాలీ లోపలికి పోతాయి, హార్మోను బయటికి వస్తుంది. చంపడానికి వచ్చేవి మాత్రం లోపలికి దూరలేవు.

"బతికే ఉన్నయా అయి?"

"బతికే ఉన్నాయండి."

"ఎన్నొద్దులు బతుకుతయి?"

"అదే నాకూ తెలియాలి" అంది ఆమె. ఎలుకల్లో కొన్ని నెలలున్నాయట. ఒంటెలో ఎవరూ పెట్టి చూడలేదట.

రాజనర్సు చాలాసేపు ఆ పళ్ళెం దగ్గరే నిలబడ్డాడు. బయట రహమతుల్లా గడ్డి బండి వచ్చిందని పిలుస్తున్నాడు. అడగాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. అడగకుండానే గడ్డి దింపడానికి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం సమ్హాను పోతుతో కలిపారు. స్కానింగులో చుక్క కనబడగానే డొక్క దగ్గర మొద్దుబారే మందు ఇచ్చి, చిన్న కోత పెట్టి, ఆ గింజలను లోపలి పొరల మధ్య ఉంచి కుట్టేసింది అనంతలక్ష్మి. ఆ పనంతా అయ్యేదాకా రాజనర్సు సమ్హా తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాని కళ్ళ మీద అరచెయ్యి కప్పి, ఊళ్ళో మందను తోలేటప్పుడు చేసే కూతలను గొంతులోనే మెల్లగా అంటూ ఉన్నాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే పోతును కంచె బయట నడిపించడం, సమ్హా తోక చూడడం అతని డ్యూటీ. తోక లేస్తే హార్మోను ఉన్నట్టే కానీ లోపల పిల్ల ఉన్నట్టు కాదని అనంతలక్ష్మి చెప్పింది. అందుకని వారం వారం స్కానింగు. రెండో నెల గడిచింది. మూడో నెల వచ్చింది. ఆ నెలంతా దొడ్డిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ముసలాయన సాయంత్రాలే కాదు, పొద్దున కూడా వచ్చి బండిలోనే కూర్చుని కంచె వైపు చూసేవాడు. మూడో నెల దాటింది. నాలుగో నెలలో స్కానింగు తెర మీద గుండె కొట్టుకోవడం రాజనర్సు తన కళ్ళతో చూశాడు.

ఆ శుక్రవారం ఫోన్‌లో గౌరవ్వకు చెప్పాడు. ఒక ఒంటె ఉన్నదనీ, దానికి మూడుసార్లు కడుపు పోయిందనీ, ఇప్పుడు నాలుగో నెల అనీ. అటు వైపు కత్తెర చప్పుడు ఆగింది. మూడుసార్లా అని అడిగింది ఆమె. ఏమేం పెడుతున్నరు దానికి అని అడిగింది. బార్లీ, పచ్చగడ్డి, ఖర్జూరం అని చెప్పాడు. కుంకుమపువ్వు గిట్ల పెట్టరా అంది. రాజనర్సుకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. రెండో కడుపు పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మొదటి మాట సమ్హాదే. మంచిగున్నదా, తింటున్నదా, ఎటు పక్కకు పడుకుంటున్నది అని అడిగేది. తన గురించి ఎన్నడూ చెప్పని సంగతులు ఆ ఒంటెను అడ్డం పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మూడో నెలల నడుము గుంజుతది, దాన్ని నడిపియ్యకుండ్రి అంది ఒకసారి. కొండగట్టు పోయినప్పుడు నీ ఒంటె పేరు మీద సుత టెంకాయ కొట్టిన అంది మరోసారి. రాజనర్సు వింటూ ఇసుక మీద గీతలు గీసేవాడు. ఆమె అలా నడుం పట్టుకుని ఒక్కతే కూర్చున్న రోజులు అతను చూడలేదు. ఇప్పుడు చూస్తున్నట్టుండేది.

ఒకనాడు గౌరవ్వే అడిగింది, ఆ డాక్టరమ్మను మన గురించి అడుగరాదా అని.

అడిగాడు. సమ్హాకు రక్తపరీక్ష చేసి చేతులు కడుక్కుంటున్న అనంతలక్ష్మి దగ్గర నిలబడి, తన ఇంటిదానికి కూడా రెండుసార్లు పోయిందని, ఆ గింజలు మనుషులకు పెట్టొచ్చా అని అడిగాడు. ఆమె కుళాయి కట్టేసింది.

"ఇది మనుషులదాకా ఇంకా రాలేదండి. ఎప్పుడొస్తుందో కూడా నేను చెప్పలేను. అయినా మీ ఆవిడకు ఇదే కావాలని ఎవరు చెప్పారు? సమ్హాకు ఏం తక్కువైందో రక్తం తీసి చూశాకే కదా ఇది పెట్టాం. ఆవిడకు ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. ఊళ్ళో ఆర్ఎంపీ బలానికని సూదులు వేశాడు, కొండగట్టుకు వెళ్ళి వచ్చారు, అంతే.

నిజామాబాద్‌లో తన స్నేహితురాలు ఆడవాళ్ళ డాక్టరుగా ఉందని, ఆమెకు ఫోన్ చేసి చెబుతానని అనంతలక్ష్మి అంది. తర్వాత మీరు ఇంకోలా అనుకోకండి అంటూ మరో మాట కూడా చెప్పింది. మనిషి రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండి పోతుంటే, ఎంత మంచి మందైనా ఏం చేయగలదు అని.

రాజనర్సు సెలవు ఆ ఎండాకాలమే రావాలి. లెక్క ప్రకారం అప్పటికి సమ్హాకు ఏడో నెల. వెళ్ళి, గౌరవ్వను నిజామాబాద్ తీసుకుపోవాలని మనసులో పెట్టుకున్నాడు.

ఆరో నెల చివర్లో ఒక పొద్దున పోతు కంచె పక్క నుంచి పోతుంటే సమ్హా తోక సగం లేచి ఆగిపోయింది. రాజనర్సు పోతును తిప్పి మళ్ళీ నడిపించాడు. ఈసారి అసలు లేవలేదు. ఫోన్ చేస్తే అనంతలక్ష్మి దోహా నుంచి ఎలా వచ్చిందో గానీ ఎండ ఎక్కక ముందే వచ్చేసింది. పిల్ల గుండె కొట్టుకుంటూనే ఉంది. రక్తంలో హార్మోను మాత్రం బాగా పడిపోయింది. డొక్క దగ్గర కోత పెట్టి కొన్ని గింజలు బయటికి తీసింది. అవి వెనకటిలా అద్దంలా లేవు. ఒక్కొక్క దాని చుట్టూ తెల్లటి పొర పేరుకుంది. సమ్హా ఒళ్ళు వాటిని చంపలేకపోయినా చుట్టూ కండ కట్టేసిందని, తిండీ గాలీ అందక లోపలివి చచ్చిపోతున్నాయని చెప్పింది. కొత్త గింజలు తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా సూదులు తప్పవంది.

సూదులు వేయించుకోవడానికి సమ్హా నిలబడింది రాజనర్సు పట్టుకుంటేనే. పూటపూటకూ పొడిచిన చోట వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాడు. కొత్త గింజలు వచ్చాయి, ఈసారి రెండో పక్క పెట్టారు. కొన్నాళ్ళకు తోక మళ్ళీ లేచింది.

ఇదంతా ముసలాయన చూస్తూనే ఉన్నాడు. రాజనర్సు సెలవు మాట వచ్చినప్పుడు చెయ్యి అడ్డంగా ఊపి, మాఫీ, అంటే లేదు, అన్నాడు. సమ్హా ఈనిన తర్వాత వెళ్ళొచ్చు అన్నాడు. అంటే మళ్ళీ చలికాలం నడిమికి. రాజనర్సు తల ఊపి వచ్చేశాడు. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పడం అతనికి అలవాటు లేదు. పైగా ఆ ఒంటెను వదిలి వెళ్ళాలంటే అతనికీ కాళ్ళు రావడం లేదు.

ఆ శుక్రవారం గౌరవ్వకు ఆ సంగతి చెప్పాడు. ఆమె ఎప్పటిలాగే సమ్హా ఎట్లున్నది అని అడిగింది. బాగానే ఉందన్నాడు.

"ఒంటెకు నువ్వు కావాలె అంటున్నరు. మంచిదే" అంది గౌరవ్వ. "నాకు సుత కావాలె అని నేను ఎవ్వలతోని చెప్పాలె?"

ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు ముసలాయన డేరాలో గహ్వా, వాళ్ళ కాఫీ, తాగుతుంటే రాజనర్సు రహమతుల్లాను వెంటబెట్టుకుని వెళ్ళాడు. చెప్పులు బయట విడిచి, నిలబడే మాట్లాడాడు. రహమతుల్లా మెల్లగా అరబ్బీలోకి మార్చాడు.

"సమ్హా కడుపు పోయిననాడు మీరు తిండి తినలేదు. నేను చూసిన. నా ఇంటిదానికి సుత రెండుసార్లు పోయింది. ఒక్కసారి గూడ నేను పక్కన లేను. దాని దగ్గరికి ఇప్పుడు పోకపోతే, ఇగ నాకు పోయే మొఖం లేదు."

ముసలాయన గిన్నె కింద పెట్టాడు. రాజనర్సుకు భార్య ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు, ఎన్నడూ అడగలేదు. ఆమె పేరేమిటి అని అడిగాడు. రాజనర్సు చెప్పాడు. ముసలాయన గౌరవ్వ అని పలకడానికి రెండుమూడుసార్లు ప్రయత్నించి, రాక మానుకున్నాడు. డేరా గుడ్డ పక్కకు తొలగించి దొడ్డి వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి రహమతుల్లాను అడిగాడు, నువ్వు పట్టుకుంటే సమ్హా ఊరుకుంటుందా అని. నేర్చుకుంటానన్నాడు రహమతుల్లా.

నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. రాజనర్సు తన పాత గొంగడి ముక్కను, అంగీలను రహమతుల్లాకు ఇచ్చాడు, వాసనకు. పక్కన నిలబడి తన కూతలు నేర్పించాడు. బలూచీ గొంతులో ఆ కూతలు విని మొదట్లో సమ్హా చెవులు వెనక్కి పెట్టేది. తర్వాత ఊరుకుంది. వెళ్ళే రోజు రాజనర్సు దానికి ఖర్జూరాలు తినిపించి, కడుపు మీద చెయ్యి పెట్టాడు. లోపల పిల్ల కదిలింది. అక్కడ ఇంకాసేపు ఉంటే వెళ్ళలేనని తెలిసి బండి ఎక్కేశాడు.

నిజామాబాద్‌లో అనంతలక్ష్మి చెప్పిన డాక్టరమ్మ, గౌరవ్వ రక్తాన్ని పరీక్షకు పంపింది. మెడ దగ్గరుండే గ్రంథి సరిగ్గా పని చేయడం లేదని తేలింది. ఆ గ్రంథి ఇవ్వాల్సిన హార్మోను ఒళ్ళు నిలబడటానికే కాదు, కడుపు నిలవడానికీ కావాలట. దానికి గింజలూ వద్దు, కోతలూ వద్దు. పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర వేసుకోవాలి, అంతే. గౌరవ్వ ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని, "ఇంతదేనా?" అని అడిగింది. ఇన్నేళ్ళూ ఇది దొరుకుతూనే ఉందా అన్న మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. బస్సులో ఇంటికొస్తున్నప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. రాజనర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే ఊరిదాకా వచ్చాడు.

మాత్రలు ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది. సెలవు అయిపోయింది. అర్బాబ్‌కు ఫోన్ చేయించి ఇంకొంత గడువు అడిగాడు. ఆరు నెలలు దాటితే వీసా పోతుంది. ఆ ఆరు నెలలు ముగియబోయే ముందు గౌరవ్వకు నెల తప్పింది. పొమ్మనీ ఉండమనీ ఆమె ఒక్క మాట అనలేదు. రాజనర్సు టికెట్టు కొనడానికి మెట్‌పల్లి వెళ్ళి, బస్టాండులో చాయ్ తాగి, కొనకుండానే తిరిగొచ్చాడు. వాకిట్లో బీడీలు చుడుతున్న గౌరవ్వ అతన్ని చూసి లేచి లోపలికి పోయి, అన్నం పెట్టింది.

సమ్హా ఈనింది ఆ చలికాలంలోనే. రాజనర్సు అక్కడ లేడు. ఆడపిల్ల, రంగు తల్లిదే అని రహమతుల్లా ఫోన్‌లో చెప్పాడు. వెనక ముసలాయన గొంతు, ఇంకా ఎవరెవరో మాట్లాడుతున్న సందడి వినిపించింది. తర్వాత అనంతలక్ష్మి కూడా ఫోన్ చేసింది. మీ గింజలే నిలబెట్టినయి మేడమ్ అన్నాడు రాజనర్సు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. రెండోసారి పెట్టినవి కూడా చివరికి నీరసించాయనీ, ఆఖరి రోజుల్లో మళ్ళీ సూదులే వేయాల్సి వచ్చిందనీ చెప్పింది.

"మధ్యలో ఆ నెలలు మాత్రం అవే మోశాయని అనుకుంటున్నానండి. ఒక్క ఒంటెను చూసి ఏదీ తేల్చలేం."

మీ ఆవిడ ఎలా ఉందని అడిగింది. రెండో నెల అని చెప్పాడు. జాగ్రత్తగా చూసుకోండి అని మాత్రం అంది.

గౌరవ్వకు మూడో నెల దాటింది, నాలుగోది దాటింది. రాజనర్సు ఆమెను బావి నుంచి బిందె తేనివ్వలేదు, చేటలో బీడీ ఆకు ముట్టనివ్వలేదు. నిజామాబాద్ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. రాజనర్సు తల్లి పేరు గంగామణి, అదే పేరు పెట్టుకున్నారు.

ఊళ్ళోనే నిలబడాలని రాజనర్సు చాలా ప్రయత్నించాడు. కొన్ని గొర్రెలు తెచ్చాడు. ఒక వానాకాలం రోగమొచ్చి సగం పోయాయి. కూలికి పోయాడు. పిల్లకు నడక వచ్చింది. అది గుమ్మం దాటి అతని వెంట పడుతుంటే ఎత్తుకుని తిప్పడమే పనైపోయింది. చివరికి మళ్ళీ ఖతర్ వీసానే దొరికింది. ఈసారి కూడా లుసైల్. వెనక తను తవ్విన చోట ఇప్పుడు రోడ్లు, వాటి పక్కన లేస్తున్న ఎత్తైన గోడలు. ఎక్కడ ఏ పైపు వేశాడో గుర్తుపట్టడానికి కూడా లేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం రాజనర్సు మళ్ళీ దుబాయ్ పోయిండు అనే చెప్పుకున్నారు.

వచ్చిన మొదటి శుక్రవారమే బస్సులు మారి అల్ షహానియా వెళ్ళాడు. దొడ్డి అలాగే ఉంది. క్యాబిన్లకు తాళాలు. రహమతుల్లా అతన్ని కావలించుకుని, చాలాసేపు వదలలేదు. ముసలాయన కిందటి ఏడాది పోయాడట. కొడుకులకు పరుగు ఒంటెల మీదే ఆసక్తి, పరిశోధన వద్దన్నారు. అనంతలక్ష్మి భర్తకు మస్కట్‌లో ఉద్యోగం రావడంతో అక్కడికి వెళ్ళిపోయింది. సమ్హా ఏదని అడిగాడు రాజనర్సు. మందను గడ్డి కోసం సరిహద్దు అవతల సౌదీ వైపు తోలారనీ, అది కూడా వాటితోనే పోయిందనీ, ఎప్పుడు తెస్తారో కొడుకులకే తెలియాలనీ రహమతుల్లా చెప్పాడు. చూడాలంటే దాని బిడ్డ ఉంది, రా అన్నాడు.

కంచె అవతల అది మేస్తోంది, ఇప్పుడిప్పుడే పరుగు నేర్పుతున్నారట. లేత గోధుమ రంగు, సన్నటి కాళ్ళు. రాజనర్సు గొంతులో పాత కూత అన్నాడు. అది ఒకసారి ఇటు చూసి మళ్ళీ మేతలో పడింది. దానికతను ఎవరో తెలియదు. అతను మాత్రం దాని కనురెప్పలు, మెడ వంపు, అడుగు వేసే తీరు ఒక్కొక్కటిగా చూస్తూ కంచె పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డంతసేపూ దీన్ని మోసిన తల్లి మీదికే మనసు పోయింది.

బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాక ఇంటికి ఫోన్ చేశాడు. తెర మీద గౌరవ్వ ముఖం ఒక్క క్షణం కనిపించి ఆగిపోయింది, గొంతు మాత్రం వస్తోంది. సమ్హా లేదని చెప్పాడు. "పాపం" అంది ఆమె, "దాని బిడ్డనన్న చూసినవా?" చూసిన అన్నాడు. గంగామణిని పిలవమన్నాడు. గౌరవ్వ పిలిచింది. పిల్ల రానంటోంది. వాకిట్లో కోడిపిల్లలకు నూకలు వేస్తోందట, నాయిన ఫోన్ల ఉన్నడు రాయే అంటే, ఉండనీ అందట.

"గుంజుకరాకు" అన్నాడు రాజనర్సు. "ఫోన్ ఆడ దాని పక్కన పెట్టు."

గౌరవ్వ పెట్టింది. పిల్ల కోడిపిల్లలతో ఏదో చెబుతోంది. సగం మాటలు అర్థం కావడం లేదు. తినండి అంటోంది, కొట్టుకోకండి అంటోంది, మధ్యలో తనలో తాను ఏదో పాడుకుంటోంది. బస్సు వచ్చి ఆగింది. రాజనర్సు ఎక్కకుండా చెయ్యి ఊపి పంపేసి, ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.